చెవిదాకా లేస్తే చాలదు

మా పడగ్గది తలుపు పైన ఇప్పుడొక గిలక వేలాడుతోంది. బావిలో చేద వేయడానికి ఉండే గిలక లాంటిదే, కాకపోతే ప్లాస్టిక్‌ది, అరచేతిలో ఇమిడేంత చిన్నది. దాని మీదుగా ఒక నైలాను తాడు, తాడు రెండు కొసలకీ రెండు పిడులు. పొద్దున కాఫీ తాగాక పది నిమిషాలు, సాయంత్రం స్నానానికి ముందు పది నిమిషాలు దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎడమ చేత్తో ఒక కొస కిందికి లాగితే, రెండో కొస పట్టుకున్న కుడి చెయ్యి తనకిష్టం ఉన్నా లేకపోయినా పైకి పోతుంది. భుజం ఎత్తు వరకూ బుద్ధిగానే పోతుంది. అక్కణ్ణుంచి మొదలవుతుంది దాని గోల. ఆత్మకూరులో మా ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఈ తాడు కేసి చూసి, కాఫీ చల్లారేలోపు ఒకే మాట అంటారు, "ఈ వయసులో మీకెందుకు టీచరమ్మా ఇయ్యన్నీ?" అని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అరవై దాటింది నాకు గానీ నా చెయ్యికి కాదు అని అనేసి ఊరుకుంటాను. అందులో అర్థం లేదని నాకూ తెలుసు. ముప్పై ఏళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని.

నొప్పి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నా తొందర సంగతి చెప్పాలి. పోయినేడు రిటైరయ్యాక కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నడవడం మొదలుపెట్టాను. అక్కడ నాతో నడిచే ఒకామె ఫోనులో వీడియో చూపించింది. ఎవరో అమ్మాయి రెండు చేతుల్లో రెండు నీళ్ళ సీసాలు పట్టుకుని పైకీ కిందికీ నవ్వుతూ ఎత్తుతోంది. నాకు నీళ్ళు మరీ తేలికనిపించి, ఇల్లు కడుతున్న పక్కింటి వాళ్ళ దగ్గర ఇసుక అడిగి తెచ్చి సీసాల్లో నింపాను. మొదటి రోజే వంద సార్లు ఎత్తాను. మర్నాటికి చేతులు బరువెక్కి పళ్ళు తోముకోవడం కూడా కష్టమైంది. అది ఒట్టి కండరాల నొప్పి, అలవాటు లేని పని చేస్తే ఎవరికైనా వచ్చేదే, రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది అని పిల్లలకి పాఠం చెప్పినదాన్నే. పోయేదాకా ఆగాలి కదా! నొప్పికి లొంగితే ఇంక లేవనని మూడో రోజు మళ్ళీ వంద మొదలుపెట్టాను. తొంభై దగ్గర భుజంలో ఏదో చివుక్కుమంది. ఆ సాయంత్రానికి జడ వేసుకోలేను, జాకెట్టు చెయ్యి తొడుక్కోలేను, పై అరలో ఉన్న ఉప్పు డబ్బా అందుకోలేను. మా ఆయన గుండె పరీక్ష చేయించాలని ఆటో పిలిచేశాడు. నొప్పి కుడి భుజంలో, ఛాతీలో బరువు లేదు, చెమట్లు లేవు, ఆయాసం లేదు మొర్రో అంటే వినడు. అవి ఉంటే ఆటో కోసం కూడా ఆగకూడదనుకోండి. డాక్టరు అన్నీ చూసి, నా గుండె నిక్షేపంగా ఉందని చెప్పి, బుద్ధి గురించి మాత్రం ఏమీ అనకుండా ఫిజియోథెరపీకి రాసిచ్చాడు.

ఫిజియోథెరపీ చేసేది అనంతసాగరం అమ్మాయి, మొదటి రోజు మా ఇంటికే వచ్చింది. ముందు నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. వాచిన కొత్తలో ఐసు పెట్టారా అని అడిగింది. ఉప్పు కాపడం పెట్టానన్నాను. "కొత్తగా వాచినప్పుడు చల్లగా పెట్టాల మేడం, బిగుసుకున్నాక వేడి పెట్టాల. మీరు తిరగేసినారు," అంది. బరువులు కొన్నాళ్ళు మానమంది. అట్లాగని చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవద్దంది. నొప్పి మొదలయ్యే దాకా పోవాలి, నొప్పిలోకి దూరకూడదు, అంది. వేళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా వెంటనే వచ్చి చూపించమంది. ఇదంతా చెబుతూ తలుపుకి ఈ గిలక తగిలించి, తాడు నా చేతికిచ్చి లాగమంది. లాగాను. కుడి చెయ్యి పైకి లేచింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "అంత నొప్పిగా ఉండాదా మేడం?" అని ఆ పిల్ల భయపడింది. నొప్పి కాదమ్మా, ఈ తాడు నాకు తెలుసు, అన్నాను. మా పెద్దమ్మ ఏడు నెలలు ఇలాంటి తాడే లాగింది. ఆమె చెయ్యి బిగిసిపోవడానికి కారణం నేనే.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. ఉదయగిరిలో, కొండ వైపు పోయే వీధిలో, చర్చి వెనకే ఆమె ఇల్లు. నాకు ఉదయగిరి హైస్కూలుకి బదిలీ అయినప్పుడు ఆ ఇంట్లోనే నాలుగేళ్ళున్నాను. మా ఆయన ఉద్యోగం ఆత్మకూరులో. శనివారం సాయంత్రం బస్సుకి ఆయనే వచ్చేవాడు. పెద్దమ్మకి పిల్లలు లేరు. రెండు బర్రెలుండేవి, ఒక గంట ఉండేది. గంట అంటే చర్చి గంట, సంఘానిది. కానీ దాన్ని తనదిగానే అనుకునేది. చర్చి పక్కన రెండు రాతి స్తంభాల మధ్య ఇనప కమ్మీకి వేలాడుతుంది ఆ గంట. దొరల కాలంలో తెచ్చింది. దానికొక చక్రం, చక్రం మీదుగా కిందికి లావాటి తాడు. తాడు కుడి చేత్తో పైన, ఎడమ చేత్తో కింద పట్టుకుని ఒళ్ళంతా వంచి లాగాలి. లాగి వదిలితే గంట వెనక్కి ఊగుతూ తాడుని, దాంతో పాటు మన చేతుల్నీ నెత్తి మీదికి లాక్కుపోతుంది. ఒంటి చేత్తో అయ్యే పని కాదు. నేనొకసారి సరదాపడి లాగి, కాళ్ళు నేల వదిలి, అరిచాను.

పూర్వం ఆ గంట మా పెదనాయన కొట్టేవాడు. ఆయన పోయిన తర్వాతి ఆదివారం, ఇంక ఎవరు కొట్టాలని పెద్దలు చర్చి ముందు నిలబడి తర్జనభర్జన పడుతుంటే, పెద్దమ్మ తెల్లచీరతో బయటికొచ్చి, ఎవరినీ అడక్కుండా తాడు పట్టుకుందట. ఆడమనిషి గంట కొట్టడమేందని ఎవరో అంటే, "గంటకు తెలుసునా కొట్టింది ఆడో మగో?" అందట. అప్పట్నుంచీ ఆమే. ఆదివారం మూడు గంటలు. మొదటిది పొయ్యి మీది కూర దించి నీళ్ళు పోసుకోమని, రెండోది చీరలు కట్టుకుని బయల్దేరమని, మూడోది ఇంక పాస్టరు అయ్యగారు లేచి నిలబడుతున్నారని. మూడింటికీ మూడు వరసలుండేవి. కొండ కింద పొలంలో ఉన్నవాళ్ళు కూడా అది ఎన్నో గంటో విని చెప్పేవారు. చావు గంట వేరు. ఒక్క దెబ్బ కొట్టి, మనసులో పరలోక ప్రార్థన మొత్తం చెప్పుకుని, ఆమెన్ అన్నాక రెండో దెబ్బ. ఆ మధ్యలో ఊరంతా పని ఆపి నిలబడేది.

ఎనిమిదేళ్ళ కిందట, ఈస్టరుకి ముందు నలభై శ్రమల దినాలు మొదలైన వారంలో, పెద్దమ్మ కుడితి బకెట్టు పట్టుకుని పోతూ బర్రె పలుపు కాలికి తగిలి ముందుకు పడింది. కుడి చెయ్యి ఆనించి పడింది. భుజం వాచింది. కొండ పక్క పల్లెలో కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి ఆటోలో తీసుకుపోయాను. ఆయన వేళ్ళతో తడిమి, "ఎముక విరగలా. కీలు బెణికింది. పది దినాలుండి మళ్ళీ రాండి, విప్పుతా," అని చెప్పి, గుడ్డు సొన, మినప్పిండి పట్టించి, వెదురు దబ్బలు పెట్టి, చేతిని ఛాతీకి ఆనించి గట్టిగా కట్టాడు. ఆయన చెప్పినట్టు పది రోజులకి తీసుకుపోయుంటే ఇవాళ ఈ కథ లేదు.

ఆ పది రోజులయ్యేసరికి నాకు పదో తరగతి పిల్లల ప్రీఫైనల్ పరీక్షలు. పేపర్లు దిద్దాలి, మార్కులు ఎక్కించాలి, సెలవు దొరకదు. అదే సాయంత్రం మా ఇంట్లో స్త్రీల సమాజం ప్రార్థన జరిగింది. చెయ్యి దురద పెడుతోంది, రేపు విప్పించుకొస్తానని పెద్దమ్మ అంది. అప్పుడు నా నోటి వెంట వచ్చింది ఆ మాట. "ఇవి శ్రమల దినాలు కదా పెద్దమ్మా. నలభై దినాలూ అట్లాగే ఉంచి, ఈస్టరు పొద్దున విప్పితే ఎంత బాగుంటుంది! పునరుత్థానం గంట నువ్వే కొట్టొచ్చు," అన్నాను. ఆడవాళ్ళందరూ హల్లెలూయ అన్నారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. అందరూ కలిసి మొక్కుకున్నారు. భక్తి అనుకున్నారు పాపం. నా మనసులో ఉన్నది పరీక్ష పేపర్లు. పైగా ఆ వారమే ఎనిమిదో తరగతికి కీళ్ళ పాఠం చెప్పాను. భుజంలో ఉండేది బంతిగిన్నె కీలు, అన్ని వైపులా తిరుగుతుంది, కదిలిస్తూ ఉంటేనే బాగుంటుంది అని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పి, ఇంటికొచ్చి అదే కీలుకి నలభై రోజుల శిక్ష వేశాను. ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ ఇలా విడమరిచి చెప్పలేదు.

ఈస్టరు రోజు తెల్లవారకముందే సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని చర్చి ముందు చేరారు. అయ్యగారు ప్రార్థన చేశారు. నేనే కత్తెరతో కట్టు కోశాను. పెద్దమ్మ చెయ్యి కిందికి జారి, అక్కడే ఆగింది. ఎత్తమన్నారు. ఎత్తబోయింది. మోచెయ్యి పక్కటెముకలు వదిలి బెత్తెడు కూడా కదల్లేదు. ఆమె నుదుటి మీద చెమట నాకు కొవ్వొత్తి వెలుగులో కనిపించింది. పాట మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో ఆపేశారు. చివరికి ఇద్దరు మగవాళ్ళు పోయి ఎలాగో గంట లాగారు. అది ఏ వరసా కాదు. ఆరాధనంతా పెద్దమ్మ నా పక్కనే కూర్చుంది, నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు సర్కారు ఆస్పత్రికి తీసుకుపోయాను. ఎక్స్‌రేలో ఏమీ లేదు. డాక్టరు మండిపడ్డాడు. "విరగని చెయ్యికి నలభై దినాల కట్టా? ఎవురు చెప్పినారు మీకు?" అన్నాడు. నేను తల దించుకున్నాను. "నేనే అనుకున్నానయ్యా," అంది పెద్దమ్మ. బయటికొచ్చాక నేను ఏడుస్తుంటే, "నీ పేరు చెప్తే రేపు నీ దగ్గర పాఠం ఎవురు వింటారు? తుడుచుకో," అని విసుక్కుంది. డాక్టరు చెప్పిందల్లా ఇంతే. భుజం బిగుసుకుపోయింది, దానికి కదలికే మందు. వేడినీళ్ళ గుడ్డ వేసి కాపడం పెట్టాలి. నడుం వంచి చెయ్యిని వేలాడదీసి ఊపాలి. గోడ మీద వేళ్ళతో పాకించాలి. గిలక మీద తాడు వేసి లాగాలి. నెలలు పడుతుంది, అసలు పూర్తిగా రాకపోవచ్చు కూడా, డెబ్బై రెండేళ్ళు కదా, అన్నాడు. చివరి మాట అనకుండా ఉండాల్సింది. పెద్దమ్మ లేచి నిలబడి, "నా వయసు నిన్ను అడగలా. గిలక ఎంతెత్తున కట్టాలో చెప్పు," అంది.

ఆ నెలాఖరుకి సంఘ సభ జరిగింది. మా సంఘాల్లో ఏది తేల్చాలన్నా చేతులెత్తే తేలుస్తారు. చర్చిలో చాపల మీద ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు. సెక్రటరీ పెన్సిలు పట్టుకుని మధ్యలో నడుస్తూ లెక్కపెడతాడు. ఎత్తేది కుడి చెయ్యే, అదీ తల దాటాలి. ఈ తల దాటడం అన్న నియమం పెట్టింది మా పెదనాయనే. పూర్వం చెయ్యి సగం ఎత్తి, గెలిచిన వాళ్ళతో ఎత్తాననీ, ఓడిన వాళ్ళతో గోక్కున్నాననీ చెప్పేవాళ్ళు ఎక్కువైపోయారని, తల దాటని చెయ్యి చెయ్యే కాదని ఆయన తీర్మానం చేయించాడు. ఇప్పుడు సెక్రటరీ ఆయన తమ్ముడే. నాకు చిన్నాయన, పెద్దమ్మకి మరిది. చెడ్డవాడు కాదు. పని జరగాలి, చప్పుడు కాకూడదు, అనుకునే మనిషి. ఆయన లేచి, వదిన చెయ్యి పడిపోయింది గనక, ఎవరో ఇచ్చిన స్పీకరు ఉంది గనక, ఆరు నెలలు రికార్డు గంట పెట్టి చూద్దామన్నాడు. సరేననే వాళ్ళు చాలామంది ఎత్తారు. "వద్దనే వాళ్ళు?" అన్నాడు.

పెద్దమ్మ ఎత్తింది. మోచెయ్యి వంగి, పిడికిలి ఛాతీ దాకా వచ్చి ఆగింది. మెడ నరాలు తేలాయి. ఎడమ చెయ్యి ఎత్తవచ్చు కదా అనుకున్నాను. ఎత్తలేదు. నా సభ్యత్వం ఆత్మకూరు సంఘంలో ఉంది గనక నాకు అక్కడ ఓటు లేదు, గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. చిన్నాయన పెన్సిలుతో లెక్కపెడుతూ వచ్చి ఆమె ముందు ఆగాడు. "వదినా, తల దాటలా," అన్నాడు మెల్లగా. పక్క చాపకి పోయాడు. ఆమె ఒక్క చెయ్యి లెక్కలోకి వచ్చినా ఆ రోజు తీర్మానం ఆగేది కాదు. అయినా నాకు ఆ పెన్సిలు లాక్కుని విరిచేయాలనిపించింది. ఇంటికి రాగానే పెద్దమ్మ పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసింది. వంటింటి గోడకి ఎదురుగా నిలబడి, కుడిచేతి వేళ్ళు గోడ మీద పాకించి, అవి ఆగిన చోట ఎడమ చేత్తో గీత గీసింది. "నా తల ఎంతెత్తు ఉండాదో అక్కడ ఒక గీత పెట్టు," అని నాకు బొగ్గు ఇచ్చింది. పెట్టాను. రెండు గీతల మధ్య దాదాపు మూర దూరం.

గిలక కొనుక్కొస్తానన్నాను. "నాకు గిలకెందుకు, గంట ఉండాది గదా," అంది. ఆలోచిస్తే నిజమే. ఆ తాడు లాగి వదిలితే చెయ్యిని తనే పైకి తీసుకుపోతుంది. కానీ సంఘం రికార్డు గంట పెట్టమంది కదా, ఇది మోగితే ఎలా అన్నాను. మోగకూడదు, అంది. "సంఘం చేతులెత్తి చెప్పింది. చేతులెత్తే మార్చాల. అందాకా మోగించను," అని దండెం మీద ఆరేసి ఉన్న ఒక లావాటి తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎవరిదని నేను అడగలేదు. మధ్యాహ్నం వీధిలో మనుషులు లేనప్పుడు నిచ్చెన వేసుకుని ఎక్కి, గంట నాలుకకి ఆ తువ్వాలు చుట్టి గట్టిగా కట్టాను. పిల్లలకి పాఠాలు చెప్పుకునే మనిషిని, చీర దోపుకుని చర్చి గంటకి గుడ్డలు కట్టే పరిస్థితి వచ్చింది.

అప్పట్నుంచి రోజూ ఎండ పూట, వేడినీళ్ళలో వావిలాకు వేసి కాచి, ఆ నీళ్ళ గుడ్డతో భుజానికి కాపడం పెట్టుకుని, చర్చి పక్కకి పోయేది. తాడు పట్టుకుని మెల్లగా ఊపేది. గంట ఊగేది, మోగేది కాదు. చక్రం మాత్రం కిర్రు కిర్రుమనేది. మొదటి నెల ఛాతీ దాటలేదు. రెండో నెలలో తొందరపడి ఒక రోజు గట్టిగా లాగి, వారం రోజులు నిద్ర లేకుండా మూలిగింది. అప్పుడు తనే నేర్చుకుంది, నొప్పి వచ్చిన చోట ఆగి, ఊపిరి తీసుకుని, దాని దగ్గరే కాసేపు నిలబడాలని. మొన్నామధ్య నాకు ఫిజియోథెరపీ పిల్ల చెప్పిన మాటే ఇది, పెద్దమ్మకి ఎవరూ చెప్పలేదు. ప్రతి శనివారం గోడ మీద గీత. కొన్ని శనివారాలు గీత మీదే గీత పడేది. ఊళ్ళో సలహాలకి కొదవ లేదు. ఒకరు ఆముదం పట్టించమన్నారు, ఒకరు అనుమసముద్రంపేట దర్గాకి పోయి రమ్మన్నారు, ఒకరు ఇంక గంట సంగతి మర్చిపోయి కృష్ణారామా అనుకోమన్నారు. చర్చికి పోయే మనిషికి కృష్ణారామా ఏందని ఆమె నవ్వింది. వాళ్ళు పోయాక, "మర్చిపోవాలంట," అని బర్రెకి చెప్పింది.

ఈలోగా రికార్డు గంట తన పని తను చేసింది. అది ఏ దేశంలో మోగిన గంటో తెలియదు, పది పదిహేను గంటలు కలిసి గలగలమని మోగేవి. మొదటి గంటకీ మూడో గంటకీ తేడా లేదు. కూర దించాలో పరుగెత్తాలో తెలియక జనం అవస్థపడ్డారు. ఒక ఆదివారం గంట మధ్యలో సిమెంటు ప్రకటన వచ్చింది, స్పీకరుని ఫోనుకి తగిలించారు మరి. అదంతా నవ్వుకుని ఊరుకోవచ్చు. వానాకాలంలో సంఘంలో ఒక పెద్దాయన పోయాడు. చావు గంట వేయమని కబురొస్తే, చిన్నాయన దగ్గర ఉన్నది ఆ ఒక్క రికార్డే. అదే వేశాడు. వీధంతా గలగలమంది. ఆ పెద్దాయన భార్య గుమ్మంలోకి వచ్చి, "మా ఇంట్లో పెళ్ళా అబ్బయ్యా?" అని అడిగింది. చిన్నాయన పరుగెత్తి వైరు పీకేశాడు. పెద్దమ్మ అప్పుడు చర్చి పక్కనే ఉంది. చెయ్యి చెంప దాకా వస్తోంది అప్పటికి. పోయి గుడ్డ విప్పుదామా అన్నాను. తాడు వైపు చాలాసేపు చూసింది. "చెయ్యెత్తి మార్చాలన్నాను గదా," అని ఇంట్లోకి పోయి, పరలోక ప్రార్థన గట్టిగా చెప్పుకుంది. ఆగింది. మళ్ళీ చెప్పుకుంది. ఆ పెద్దాయనకి చావు గంట మా వంటింట్లో నోటితోనే జరిగింది.

నవంబరులో, క్రిస్మస్ ఏర్పాట్ల కోసం మళ్ళీ సంఘ సభ పెట్టారు. చిన్నాయన లేచాడు. చావు రోజు సంగతి ఆయనకీ బాధగానే ఉంది, దానికి వేరే రికార్డు తెప్పిస్తానన్నాడు. పాత గంట కమ్మీ తుప్పు పట్టింది, మీద పడితే ప్రమాదం, దాన్ని దించి జ్ఞాపకంగా చర్చి వరండాలో పెడదాం, ఇంక స్పీకరే ఉంచుదాం, అన్నాడు. "కొట్టే మనిషి ఏరి? చెప్పండి, మీలో ఎవురు కొడతారు?" అన్నాడు. దించేద్దామనే వాళ్ళని ఎత్తమంటే కొన్ని చేతులు లేచాయి, కొన్ని సగంలో ఉన్నాయి. "వద్దనే వాళ్ళు?"

ఆ ఉదయం గోడ మీద గీత తల గీతకి నాలుగు వేళ్ళ కింద ఉంది. నేను కొలిచాను. గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన చేశానని చెప్పను, ఆ నలభై దినాల తర్వాత అడగడానికి నాకు మొహం చెల్లలేదు. కళ్ళు తెరిచేసరికి పెద్దమ్మ చెయ్యి చెవి దగ్గర ఆగి ఉంది. అక్కడే నొప్పి ఎదురయినట్టుంది. దింపలేదు, తొందరపడలేదు. గంట తాడు దగ్గర నిలబడినట్టే ఊపిరి తీసుకుని ఆగింది. తర్వాత వేళ్ళు కదిలాయి, గోడ మీద పాకినట్టు ఒట్టి గాలిలోనే పైకి పాకాయి. నెత్తి దాటాయి. మోచెయ్యి నిటారుగా నిలబడి, జాకెట్టు చెయ్యి చెవికి తగిలింది. చిన్నాయన పెన్సిలు పట్టుకుని వచ్చి ఆమె ముందు ఆగాడు. చూశాడు.

"దాటింది వదినా," అన్నాడు. "తల దాటింది."

"అయితే రాసుకో," అంది పెద్దమ్మ, చెయ్యి దించకుండా.

ఆమె వెనక చాప మీద, వానాకాలంలో భర్త పోయిన ఆమె చెయ్యి లేచింది. తర్వాత ఆడవాళ్ళ పక్క లేచాయి, మగవాళ్ళ పక్క కూడా. చిన్నాయన కొంతదూరం లెక్కపెట్టి, మధ్యలో ఆపేసి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. కమ్మీకి తుప్పు గీకించి రంగు వేయించే బాధ్యత ఆయనకే అప్పజెప్పారు. పెద్దమ్మ నేరుగా గంట దగ్గరికి పోయింది, సంఘమంతా వెనకాలే వెళ్ళారు. రెండు చేతులతో తాడు పట్టుకుని ఒళ్ళు వంచి లాగింది. దబ్, అని ఒక చప్పుడు వచ్చింది, పరుపు మీద బిందె పడినట్టు. నేను నాలుక కరుచుకున్నాను. గుడ్డ విప్పడం ఇద్దరం మర్చిపోయాం. అంతమంది ముందు నిచ్చెన వేయించుకుని, చీర దోపుకుని ఎక్కి ఆ తువ్వాలు విప్పి కింద పడేశాను. చిన్నాయన దాన్ని దులిపి చూసి, "ఏందిది, నా తువ్వాలు గదా! ఆరు నెలలుగా వెతకతా ఉండా," అన్నాడు. మధ్యాహ్నాలు కిర్రు కిర్రుమంటుంటే గాలి అనుకున్నానని కూడా అన్నాడు. పెద్దమ్మ మళ్ళీ లాగింది. అప్పుడు మోగింది. వినగానే అది మొదటి గంట అని ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది, ఆ రోజు ఆదివారం కాకపోయినా.

ఇప్పుడామెకి ఎనభై. మూడు గంటలూ ఇంకా ఆమే కొడుతోంది. కుడి భుజం చలికాలంలో పీకుతుంది, వావిలాకు కాచుకుంటుంది, వేసవిలో దాని మాటే ఎత్తదు. నలభై దినాల సంగతి నేను ఎత్తబోతే రెండుసార్లు మాట మార్చింది. మూడోసారి, "నువ్వు నిచ్చెన ఎక్కినావు గదా, అది చాల్లే," అంది. నా చెయ్యి సంగతి ఎవరు చెప్పారో గానీ నిన్న ఫోను చేసింది. ఇసుక సీసాల కథ చెబితే చాలాసేపు నవ్వింది.

"ఏమ్మే, ఇప్పుడు ఎందాకా లేస్తా ఉండాది?"

"చెవిదాకా పెద్దమ్మా."

"చెవిదాకా లేస్తే ఓటుకు చాలదు," అని ఫోను పెట్టేసింది.

మా పడగ్గది గోడకి మొన్ననే వేసిన రంగు మీద పెన్సిలుతో రెండు గీతలు గీశాను. ఒకటి నా వేళ్ళు ఆగిన చోట, ఒకటి నా తల ఎత్తున. మా ఆయన గోడ పాడైందని సణిగాడు, సణగనీ. ఈ చెయ్యిని ఇంత కిందికి దించడానికి కాలానికి అరవై ఏళ్ళు పట్టింది. దాన్ని మళ్ళీ తల దాటించడానికి నాకు ఏడు నెలలు కావాలంటే, ఈసారి ఆగాల్సింది కాలమే.